అవ్వ ఇంట్లో దీపం ఎత్తుకెళ్లింది ఎవరు?

కొత్తగా చదివేవారి కోసం ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు తెలుగులో ఒక పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్ గేమ్, అంటే తెర మీది వస్తువులను మౌస్‌తో నొక్కుతూ పజిళ్లు విప్పి కథను నడిపే ఆట, తయారుచేస్తున్నారు. అందులో కథానాయకుడు పాడుబడిన కోట కింద ఉన్న నేలమాళిగలోకి దిగాలంటే వెలుతురు కావాలి. ఊరి చివర ఒంటరిగా బతికే అవ్వ ఇంట్లో ఒక ఇత్తడి దీపం ఉంది. అవ్వ బిందె పట్టుకుని బావికి వెళ్లిన సమయం చూసి, ఇంట్లోకి దూరి ఆ దీపం తీసుకోవాలి; కోట గుమ్మం దగ్గరి కుక్కకు మత్తుమందు కలిపిన పెరుగన్నం పెట్టాలి. విడుదలకు ముందు ఆడి చూడమని కూర్చోబెట్టిన వారిలో ఒక్కరు కూడా ఈ రెండు పనులకూ వెనకాడలేదనీ, కొందరైతే అవ్వ మంచం కిందున్న ట్రంకుపెట్టెను కూడా తెరవబోయారనీ రాశారు. ఆటలోకి రాగానే మనుషులు ఇంత నీతిమాలిన పనులు ఎలా చేస్తారు, వీళ్లకు పాయింట్లు కోయాలా, లేక దొరికిపోయినట్టు చూపి ఆట ముగించాలా అన్నది మీ సందేహం.

శిక్ష సంగతి తర్వాత చూద్దాం. అవ్వ దీపం ముట్టుకోకుండా నేలమాళిగలోకి దిగే దారి మీ ఆటలో ఉందా? మీరు రాసినదాన్ని బట్టి లేదు. దారి ఒక్కటే వేసి, ఆ దారిన నడిచినవాడిని నీతిలేనివాడనడం న్యాయం కాదు. పాతికేళ్లుగా ఈ తరహా ఆటలు ఆడుతూ, అందులో సగం కాలం ఇతరుల ఆటలకు పజిళ్లు రాసిపెడుతూ నేను గమనించింది ఏమిటంటే, అడ్వెంచర్ ఆటల్లో కనిపించే చెడ్డపనుల్లో చాలా భాగం రచయిత చేసినవే. ఆటగాడు వాటికి చేయి మాత్రమే అందిస్తాడు. ఆ పని నిజంగా ఆటగాడిది కావాలంటే ఇంకో దారి ఉన్నట్టు అతనికి కనబడాలి, ఆ దారిన వెళ్తే అతనికి కాస్తయినా కష్టం కలగాలి. ఈ రెండూ లేనిచోట పాయింట్లు కోయడమంటే, ప్రశ్నపత్రంలో తప్పు అచ్చువేసి విద్యార్థికి మార్కులు తగ్గించడం వంటిది.

ఈ గుణం అడ్వెంచర్ ఆటలకు పుట్టుకతో వచ్చింది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో 1977లో మొదలై, 1980లో ఇన్ఫోకామ్ సంస్థ ద్వారా అమ్మకానికి వచ్చిన 'జోర్క్' అనే ఆట ఎలా ఆరంభమవుతుందో చూడండి. పొలంలో ఒక తెల్ల ఇల్లు ఉంటుంది. వెనక్కి వెళితే కొద్దిగా తెరిచి ఉన్న కిటికీ కనబడుతుంది. ఆ కిటికీలోంచి వంటగదిలోకి దూరి, బల్ల మీదున్న భోజనమూ నీళ్ల సీసా తీసుకుని, ముందు గదిలోని లాంతరూ కత్తీ చేతబట్టుకుని సొరంగంలోకి దిగుతాం. ఆ ఇల్లు ఎవరిది అని అడిగిన ఆటగాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. సొరంగంలో సంచి భుజాన వేసుకుని తిరుగుతూ మన వస్తువులు కాజేసే మనిషి ఒకడు ఎదురవుతాడు. ఆట అతన్ని దొంగ అంటుంది. రత్నాలు పొదిగిన గుడ్డును పాడవకుండా తెరవడం మనకు చేతకాదు కనుక, అతని చేత తెరిపించుకుని, తర్వాత అతన్ని చంపి ఆ సొమ్ము తెచ్చుకోవాలి. ఇద్దరి వృత్తీ ఒక్కటే, ఒకడికి దొంగ అని పేరు, రెండోవాడికి సాహసి అని పేరు.

మన జానపద కథల్లో రాకుమారులు కూడా తక్కువేమీ తినలేదు. ఏడు సముద్రాల అవతల మర్రితొర్రలో ఉన్న చిలకను పట్టి, మాంత్రికుడి ప్రాణం కోసం దాని కాళ్లూ రెక్కలూ విరిచే రాకుమారుడి గురించి వింటున్నప్పుడు మనకు చిలక మీద జాలి కలిగే తీరిక ఉండదు. కానీ అక్కడ మనం వినేవాళ్లం మాత్రమే. ఆటలో రెక్క విరిచే క్లిక్ మన వేలితోనే నొక్కాలి, నొక్కేదాకా కథ కదలదు. వినడానికీ నొక్కడానికీ మధ్య ఉన్న ఈ తేడాలోనే మీ ప్రశ్న మొత్తం ఇమిడి ఉంది.

ట్రంకుపెట్టె దగ్గరికి వస్తాను, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువగా బాధించింది అదేనని మీ మాటల్లో తెలుస్తోంది. తెర మీద గీసిన గదిలో ముప్పై వస్తువులు ఉంటే, వాటిలో మౌస్ బాణం (కర్సర్) పెట్టగానే దాని ఆకారం మారేవి మూడో నాలుగో ఉంటాయి. ఒక వస్తువును ఎత్తుకోగలిగేలా చేయడానికి బొమ్మ వేరుగా గీయాలి, మాటలు రాయాలి, పరీక్షించాలి. ఇంత శ్రమ ఊరకే ఎవరూ పడరని ఈ ఆటలు నాలుగు ఆడిన ప్రతివారికీ తెలుసు. కాబట్టి కర్సర్ మారిందంటే "ఇది నీకు ముందు ముందు అవసరం" అని రచయిత చెవిలో చెప్పినట్టే. ఆటగాడికి అక్కడ అవ్వ ఆస్తి కనబడదు, మీ సంకేతం కనబడుతుంది. మనుషుల విషయంలోనూ అంతే జరుగుతుంది: కాపలావాడు, పూజారి, దుకాణదారు అందరూ అతని దృష్టిలో తాళాలు, వాళ్లను తెరిచే తాళంచెవి ఎక్కడో ఉంటుంది. మీ ఆటలో ట్రంకుపెట్టె మీద కర్సర్ మారుతోందా? మారుతుంటే, తెరవబోయినవారిని తప్పుపట్టకండి.

ఒక సంగతి దగ్గరగా చూసింది చెబుతాను. మా అక్క కూతురికి పద్నాలుగేళ్లప్పుడు నేను 1991 నాటి 'మంకీ ఐలాండ్ 2' ఆడించాను. అందులో మనం నడిపే గైబ్రష్ అనే కుర్రవాడికి సుత్తీ మేకులూ కావాలి, అవి వడ్రంగి కొట్లో ఉన్నాయి, వడ్రంగి కదలడు. కనుక కర్రకాలు పెట్టుకున్న ఒక ఓడదొంగ దగ్గరికి వెళ్లి ఆ కర్రకాలును రంపంతో కోసేయాలి. దాన్ని బాగుచేయడానికి వడ్రంగి పరుగెత్తగానే కొట్లో వస్తువులు ఎత్తుకోవాలి. పిల్ల పడీపడీ నవ్వింది. కొంతసేపటికి కేట్ అనే ఆమె వస్తుంది. పడవ అద్దెకు తిప్పుకుంటూ, తన బొమ్మ ఉన్న కరపత్రాలు పంచుకుంటూ ఉంటుంది. గోడ మీద గైబ్రష్‌ను పట్టిస్తే బహుమతి అన్న పోస్టరు ఉంటుంది. ఆ పోస్టరు మీద కేట్ కరపత్రం అతికిస్తే కేట్ జైలు పాలవుతుంది, అప్పుడు ఆమె సామానులోంచి మనకు కావలసిన సీసా తీసుకోవచ్చు. ఇక్కడ మాత్రం పిల్ల మౌస్ మీద చేయి తీసి, "ఆమె మనకేం చేసింది మామయ్యా?" అని అడిగింది. ఏమీ చేయలేదన్నాను. వేరే దారి కోసం అరగంట వెతికింది. లేదు. చివరికి అతికించింది, ఈసారి నవ్వలేదు.

రెండు పనులూ నీచమైనవే అయినా ఒకటి నవ్వులో కొట్టుకుపోయింది, ఇంకొకటి గొంతులో అడ్డుపడింది. కర్రకాలు ఓడదొంగది, పైగా వడ్రంగి దాన్ని మళ్లీ అతికిస్తాడు. కేట్ పొట్టకూటి కోసం పనిచేసుకునే మనిషి, ఆమె జైల్లో ఉండగా మనం కథలో ముందుకు వెళ్లిపోతాం. హాస్యం అన్ని పాపాలనూ కడగలేదు. 2013లో వచ్చిన 'గుడ్‌బై డిపోనియా'లో నల్లజాతి స్త్రీని, గారడీవాడి కోతి చేయాల్సిన పనికి అప్పగించే పజిల్ ఒకటి ఉంది. హీరో ఎలాగూ వెధవేననే సమర్థన దానిమీద వచ్చిన విమర్శల ముందు నిలవలేదు. దెబ్బ ఎవరికి తగులుతోంది అన్నది ముఖ్యం. మీ ఆటలో దెబ్బ తగిలేది ఒంటరి ముసలమ్మకు. కుక్క గురించి నాకు పెద్దగా అభ్యంతరం లేదు; తిరిగి వచ్చేటప్పుడు అది లేచి ఒళ్లు విరుచుకుంటున్నట్టు ఒక యానిమేషన్ పెడితే ఎవరికీ బెంగ ఉండదు.

కొందరు రచయితలు ఈ గుణాన్ని దాచకుండా దాన్నే కథావస్తువు చేసుకున్నారు. ఇన్ఫోకామ్‌ వారే 1983లో తెచ్చిన 'ఇన్ఫిడెల్'లో మనం ఈజిప్టు ఎడారిలో పిరమిడ్ తవ్వడానికి వెళ్లిన పేరాశపరుడిగా ఆడతాం. పనివాళ్లను ఎంత హీనంగా చూశామంటే వాళ్లు మనకు మత్తుమందు ఇచ్చి వదిలేసి పోయారు. పజిళ్లన్నీ విప్పి చివరి గదికి చేరితే, ఆట మనల్ని అక్కడే సమాధి చేస్తుంది. పాయింట్లు మాత్రం పూర్తిగా వస్తాయి. నెగ్గినందుకు చావడమేమిటని చాలామంది ఆటగాళ్లు కోప్పడ్డారు. నా మట్టుకు నాకు ఆ ముగింపు ఇష్టమే కానీ, మిగతా ఆటంతా మామూలు నిధివేటలాగే సాగి, చివర్లో మాత్రమే లెక్క తేల్చడం వల్ల అది శిక్షలాగా కాక మోసంలాగా తోస్తుంది. దొరికిపోయినట్టు చూపాలని మీరు అనుకుంటున్న ముగింపులోనూ ఇదే ప్రమాదం ఉంది.

దీనికంటే గొప్పగా చేసింది బ్రయన్ మోరియార్టీ 1986లో రాసిన 'ట్రినిటీ'. అది అణుబాంబు గురించిన ఆట. 1945 జులై 16న న్యూమెక్సికో ఎడారిలో జరిగిన మొదటి పరీక్ష దాకా మనల్ని నడిపిస్తుంది. మధ్యలో ఒక మంత్రపు కషాయానికి అప్పుడే చంపిన బల్లి కావాలి. అందుకోసం నలికిరి లాంటి చిన్న జీవిని పట్టుకుని, మన చేతులతోనే చంపాలి. తెర మీద బొమ్మ ఏదీ ఉండదు, అది మాటల ఆట; చంపమని మనమే కీబోర్డు మీద అక్షరం అక్షరం టైపు చేయాలి. ఇతర ఆటల్లో భూతాలనూ రాక్షసులనూ లెక్కలేకుండా నరికినవాళ్లు కూడా ఈ అరచేతి ప్రాణి దగ్గర ఆగిపోయామని చెప్పుకోవడం నేను విన్నాను. ఇక్కడా వేరే దారి లేదు, అయినా ఇది 'జోర్క్' కిటికీ లాంటిది కాదు. లక్షల ప్రాణాలు తీసే ఆయుధం గురించి కథ చెప్పే రచయిత, ఒక్క ప్రాణం తీయడం చేతికి ఎలా ఉంటుందో కావాలనే మన చేత చేయించాడు. దారి ఒక్కటే పెట్టడం తప్పేమీ కాదు, ఎందుకు పెట్టామో రచయితకు తెలిసి ఉంటే. మీ దీపం మీకు అలా తెలిసి వచ్చినది కాదని మీ ప్రశ్నే చెబుతోంది.

మధ్యేమార్గం ఒకటి ఉంది, పాత్ర చేతనే కాదనిపించడం. మాటల ఆటలు రాసేవారు వాడే ఇన్‌ఫామ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, ఆటగాడు దేన్నైనా కొట్టబోతే వచ్చే పాత జవాబు ఒకటి ఈ రంగంలో అందరికీ కంఠస్థం: "దీనికి మాత్రం హింస పరిష్కారం కాదు." ఆ 'మాత్రం' అన్న మాట నాకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది, వేరేచోట అయితే సరేనన్న అనుమతి అందులో దాగి ఉంది కనుక. 1987 నాటి 'మేనియాక్ మాన్షన్' ఇంకాస్త తెలివైన పని చేసింది. ఆ ఇంట్లో చిట్టెలుక లాంటి పెంపుడు జంతువును మైక్రోవేవ్‌లో పెట్టే అవకాశం ఉంటుంది, కానీ మనం నడిపే పిల్లల్లో అందరూ అందుకు ఒప్పుకోరు. మొరటువాళ్లు ఒకరిద్దరే చేస్తారు. చేశాక ఆ అవశేషాన్ని దాని యజమాని ఎడ్‌కు చూపించారో, ప్రాణం దక్కదు. పిల్లల ఆటల్లో అసభ్యత ఉండకూడదని ఎన్నో మార్పులు చేయించిన ఆటయంత్రాల సంస్థ నింటెండో, ఈ ఆట తన యంత్రానికి వచ్చినప్పుడు ఈ ఒక్క సంగతిని గమనించకుండానే అమెరికాలో మొదటి విడత ఆట కార్ట్రిడ్జ్‌లు బయటికి వెళ్లిపోయాయి, తర్వాత తీయించింది. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది, ఆ పని ఆట నెగ్గడానికి అవసరమే లేదు. కాబట్టి అది పూర్తిగా ఆటగాడి లెక్కలోకే వెళ్తుంది. అలాంటి పనులు చాలామంది సేవ్ చేసుకుని, చేసి చూసి, మళ్లీ వెనక్కి వస్తారు. అది కుతూహలం, దాన్ని చూసి మనిషి స్వభావం మీద తీర్పు చెప్పకూడదు.

ఇక పాయింట్ల మాట. 1984లో సియెరా సంస్థ తెచ్చిన 'కింగ్స్ క్వెస్ట్'లో మొత్తం 158 పాయింట్లు. అందులో రాక్షససర్పాన్ని బాకుతో చంపినా దారి దొరుకుతుంది, దాని మంట మీద నీళ్లు చల్లినా దొరుకుతుంది. నీళ్లు చల్లినవాడికి ఎక్కువ పాయింట్లు. ఆట ఎవరినీ శిక్షించలేదు, పాయింట్లు కోయలేదు, ఇంకా మెరుగైన దారి ఉందని గుసగుసలాడింది అంతే. పాయింట్లను వాడాలంటే ఇలా వాడాలి. ఆట ముగించడం అనే పద్ధతికి 1987 నాటి 'పోలీస్ క్వెస్ట్' మంచి ఉదాహరణ: కారు ఎక్కే ముందు చుట్టూ తిరిగి పరిశీలించకపోతే టైరు గాలిపోయి ఆట అక్కడితో ఆగిపోతుంది. దాన్ని రాసినది మాజీ పోలీసు అధికారి జిమ్ వాల్స్. ఆటగాడు తాను పోలీసునని తెలిసే కూర్చుంటాడు కనుక అది చెల్లింది. మీ కథానాయకుడికి అలాంటి నియమావళి ఏదీ లేదు.

అడ్వెంచర్ కంటే రోల్ ప్లేయింగ్ (ఒక పాత్రను పెంచుకుంటూ సాగే) తరహాకు చెందినదే అయినా, 1985 నాటి 'అల్టిమా 4'ను ఇక్కడ ప్రస్తావించక తప్పదు. అందులో మంత్రపు మూలికలు అమ్మే గుడ్డి స్త్రీలు ఉంటారు. ధర ఆమె చెబుతుంది, నాణేలు లెక్కపెట్టి ఇచ్చేది మనం. ఎంత ఇస్తున్నామో ఆమెకు కనబడదు. తక్కువ ఇచ్చినా మూలికలు వస్తాయి, గంట మోగదు, సైనికులు రారు. కానీ సాధించవలసిన 8 సుగుణాల్లో నిజాయితీ లోలోపల తగ్గిపోతుంది, ఆ సంగతి ఎప్పుడో కోటలోని జ్ఞానిని అడిగినప్పుడు బయటపడుతుంది. వెంటనే శిక్షిస్తే ఆటగాడు ముందు సేవ్ చేసుకున్న చోటికి వెనక్కి వెళ్లిపోతాడు, మీ నీతి అక్కడితో సరి. ఆలస్యమైతే అతను ఆ పనితోనే కలిసి బతకాలి. 1993 నాటి జెల్డా ఆట 'లింక్స్ అవేకెనింగ్'లో దుకాణదారు అటు తిరిగినప్పుడు వస్తువు ఎత్తుకుని పారిపోతే, అప్పటినుంచి అందరూ మనల్ని మన పేరుతో కాక 'దొంగ' అనే పిలుస్తారు. తిరిగి ఆ దుకాణంలో అడుగుపెడితే యజమాని చంపేస్తాడు, అది నాకు అనవసరం అనిపిస్తుంది. పేరు మారడమే చాలు.

2012లో టెల్‌టేల్ సంస్థ విడుదల చేసిన 'ద వాకింగ్ డెడ్' మీకు అన్నిటికంటే దగ్గరి పాఠం. రెండో భాగం చివర, ఆకలితో ఉన్న గుంపుకు అడవిలో తిండితో నిండిన కారు కనబడుతుంది, యజమాని లేడు. తీసుకోవచ్చు, వద్దనవచ్చు. మనం వద్దన్నా మిగతావాళ్లు తీసుకుంటారు. ఇది బూటకపు ఎంపిక అని కొట్టిపారేసినవారు ఉన్నారు, నేను ఒప్పుకోను. చివరి భాగంలో ఆ కారు యజమాని ఎదురుగా కూర్చుని లెక్క అడిగినప్పుడు, "నేను తీసుకోలేదు" అనగలగడానికీ అనలేకపోవడానికీ చాలా తేడా ఉంది. కథ మారకపోయినా జవాబు మారుతుంది.

ఇప్పుడు మీ దీపం. దొంగతనాన్ని తీసేయకండి, దాని పక్కన అడగడం అనే దారి పెట్టండి. అవ్వతో మాట్లాడితే, "రెండు బిందెల నీళ్లు తెచ్చిపెట్టు నాయనా, దీపం తీసుకెళ్లు. పొద్దుగూకేలోపు ఇచ్చేయాలి సుమా, ఇంట్లో ఇంకో దీపం లేదు" అనాలి. బావికి రెండుసార్లు నడవడం ఆటగాడికి విసుగు పుట్టించాలి, అదే ఆ దారి ఖరీదు. నడకను తెలివిగా కుదించేయకండి. దొంగదారి మాత్రం ఇప్పుడున్నట్టే సులువుగా, మూడు క్లిక్కుల్లో అయిపోవాలి.

తర్వాత కోట నుంచి వెనక్కి వచ్చేటప్పుడు, ఆటగాడు ఏమీ చేయకుండానే ఆ ఇంటి ముందునుంచి నడిచి వెళ్లేలా దారి గీయండి. దొంగిలించినవాడికి ఇల్లు చీకటిగా ఉండాలి, అవ్వ అరుగు మీద కూర్చుని ఉండాలి. "దీపం కనబడటం లేదయ్యా, నువ్వేమైనా చూశావా?" అని అడగాలి. చూడలేదు అని చెప్పే వీలూ, సంచిలోంచి తీసి ఇచ్చే వీలూ రెండూ ఉండాలి. ఈ రెండోది చాలా ఆటల్లో ఉండదు. తీసుకోవడానికి ఆదేశం ఉంటుంది కానీ తిరిగి ఇవ్వడానికి ఉండదు, ఆట ముగిసేసరికి సంచి నిండా ఊళ్లోవాళ్ల సామాను మిగిలిపోతుంది. ఏ జవాబు ఇచ్చినా పాయింట్లలో తేడా చూపకండి, సంగీతం మార్చకండి, అవ్వ చేత శాపాలు పెట్టించకండి. చూడలేదంటే, "పోనీలే, జాగ్రత్తగా వెళ్లు, చీకటిగా ఉంది" అని ఆమె అంటే సరిపోతుంది. ఒక రాత్రి బొమ్మ, ఆరు వాక్యాలు, అవ్వకు కూర్చున్న భంగిమ ఒకటి. చిన్న బృందానికైనా రెండు మూడు రోజుల పని.

మళ్లీ ఆడించినప్పుడు ఎంతమంది దొంగిలించారో లెక్కపెట్టకండి, ఆ అంకె పెద్దగా తగ్గదు. ఆటగాళ్ల వెనక నిలబడి, అవ్వ ప్రశ్న తెర మీదికి వచ్చాక జవాబు నొక్కడానికి ఒక్కొక్కరికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుని ఇక్కడ పెట్టండి, దాన్ని బట్టి మాటలు సరిచేద్దాం. ట్రంకుపెట్టె మీది, నొక్కితే స్పందించే హాట్‌స్పాట్‌ను మాత్రం ఈ రోజే తీసేయండి.